పూల పుస్తకం

“రేపు సాయంత్రం నన్ను అరెస్టు చేస్తారట. ఈలోపు మీరేమైనా చేయగలరా, చేయలేరా? చేయలేకపోతే ఇప్పుడే చెప్పండి, ఇంకో గుమ్మం చూసుకుంటాను.”

ఆమె గదిలోకి వస్తూనే అన్న మాటలివి. కుర్చీ చూపించినా కూర్చోలేదు. యాభై దాటిన మనిషి. మోచేతుల దాకా వేడి రేకులు తగిలిన పాత మచ్చలు, గోళ్ళ సందుల్లో ఎంత కడిగినా వదలని పిండి. భయపడి వచ్చేవాళ్ళు ఆ గదికి కొత్త కాదు. భయాన్ని ఇంత కోపంగా మోసుకొచ్చిన మనిషి మాత్రం కొత్తే.

పరిశోధకుడు ముప్ఫై ఏళ్ళు బీమా కంపెనీలో జనం చెప్పే అబద్ధాలు విని, రిటైరయ్యాక అదే పని సొంతంగా పెట్టుకున్నవాడు. సైకిల్ షాపు మీద ఒక గది, రెండు బల్లలు. రెండో బల్ల ఆయన బావమరిదిది. నాలుగు రోజులు ఉండి పోదామని వచ్చిన బావమరిది ఆరేళ్ళుగా అసిస్టెంటుగా స్థిరపడ్డాడు. లోకంలో తన బావంతటి తెలివైనవాడు లేడని అతని నమ్మకం. ఇంట్లో వాళ్ళక్కయ్య మాత్రం ఈ విషయంలో ఇద్దరితోనూ ఏకీభవించదు.

“మంచినీళ్ళు తాగండమ్మా. ఎవరు చనిపోయారు?” అన్నాడు పరిశోధకుడు.

“సమాధుల తోట కాపలా ముసలాయన. విషం కలిపిన కేకు తిని పోయాడు. అది నేనే పెట్టానంటున్నారు.”

“పెట్టారా?”

“పెడితే ఇక్కడికెందుకొస్తాను?” ఆమె గ్లాసు బల్ల మీద ఠక్కున పెట్టింది. “ఆదివారం మా అబ్బాయి సమాధి మీద కేకు పెట్టిన మాట నిజం. ప్రతి ఆదివారం పెడతాను. వాడు పోయి రెండేళ్ళయింది. లారీ గుద్దింది. ఆ పొద్దున నాతో గొడవపడి తినకుండా బండెక్కి పోయాడు. పళ్ళెం పెట్టింది పెట్టినట్టే ఉంది. అందుకని తీసుకెళ్తాను. పెట్టి, తిడతాను. హెల్మెట్ పెట్టుకోరా వెధవా అంటే విన్నావా అని తిడతాను. అందరికీ అక్కడ ఏడుపొస్తుంది. నాకు కోపమొస్తుంది. ఏం చెయ్యమంటారు?”

“తిట్టండి. మీ అబ్బాయి, మీ ఇష్టం. మరి ఈ ముసలాయనతో తగువేమిటి?”

మూడు వారాల క్రితం ఆమె గొడుగు మరిచిపోయి తోటకి తిరిగి వెళ్ళింది. తన కొడుకు సమాధి మీద కేకు ముక్కల్నీ పూలనీ ముసలాయన బుట్టలోకి ఏరుతున్నాడు. ఆమె నోరు ఊరుకోలేదు. చచ్చినవాడి నోటి దగ్గర కూడు లాక్కుంటున్నావు, ఈ కూడు తినే నువ్వూ చస్తావు అని అరిచింది. పదిమంది విన్నారు.

“అతనేమన్నాడు?”

“ఏమీ అనలేదు. తల దించుకున్నాడు. బుట్ట మాత్రం వదల్లేదు. నాకు ఇంకా మండి, కమిటీ కార్యదర్శికి ఉత్తరం రాసిచ్చాను. వారం వారం నేను కేకు ముక్కలు చేసి పెడుతుంటే ఈ మనిషి ఏరుకుపోతున్నాడని. మొన్న సోమవారం పొద్దున చూస్తే ముసలాయన తన గదిలో చచ్చి పడున్నాడు. పక్కన ఖాళీ కేకు పెట్టె. అది మా బేకరీ పెట్టె. నేను అక్కడే పిండి కలుపుతాను. ఇంకేం కావాలి వాళ్ళకి?”

గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే అనుకుని బావమరిది నిట్టూర్చాడు.

“మీరు కేకు ఆ పెట్టెలోనే తీసుకెళ్తారా?” అన్నాడు పరిశోధకుడు.

“పెట్టె ఎవరిస్తారు మాకు? అంచులు విరిగిన కేకులు పనివాళ్ళకిస్తారు. పాత పేపర్లో చుట్టుకుని పోతాను. అక్కడ విప్పి, ముక్కలు చేసి రాయి మీద పెడతాను. పోయినవాడు విప్పుకుని తినగలడా?”

పరిశోధకుడు తల ఊపి చెప్పులు వేసుకున్నాడు.

స్టేషన్లో ఇన్‌స్పెక్టరు కుర్చీలోంచి లేవలేదు. “అయిపోయిన కేసు సార్ ఇది. ఆవిడ నోటితో అన్నది, చేత్తో చేసింది. తోటలో కలుపు మొక్కలకి చల్లే మందు కలిపారని డాక్టరు అంటున్నాడు. రేపు సాయంత్రం రిపోర్టొస్తుంది, రాగానే లోపలేస్తాను. ఆ మందు ఉండే పాకకి తలుపు సరిగ్గా లేదు. ఆవిడ నీళ్ళు పట్టుకునే కుళాయి దాని పక్కనే.”

“ఆ కుళాయి దగ్గర తోటకొచ్చిన ప్రతివాళ్ళూ నీళ్ళు పడతారేమో?”

“ప్రతివాళ్ళూ ‘తిని చస్తావు’ అనలేదుగా.” ఇన్‌స్పెక్టరు తన మాటకి తనే నవ్వుకున్నాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని పెద్దలు అన్నారు కానీ, నోరు మంచిది కాని ప్రతివాళ్ళనీ ఉరి తియ్యమని అనలేదు. బావమరిదికి ఆ మాట పైకి అనాలనిపించింది, కానీ బావ కాలు తొక్కాడు.

బల్ల మీద ముసలాయన దగ్గర దొరికినవి ఉన్నాయి. తాళాల గుత్తి, చిన్న చాకు, అరిగిపోయిన నీలం పెన్సిలు ముక్క. పక్కన అట్టపెట్టె, దానికి కట్టిన తెల్ల దారం కోసేసి ఉంది. పరిశోధకుడు పెట్టెను తిరగేశాడు. అడుగున పెన్సిలుతో 12 అని రాసి ఉంది.

“ఈ పెట్టె సమాధి మీదిదేనని ఎలా తెలిసింది?”

“రాళ్ళు చెక్కే ఆయన చూశాడు. ఆదివారం మూడింటికి ఆ కుర్రాడి సమాధి మీద ఉందట. ఆవిడ పన్నెండింటికి వచ్చి వెళ్ళింది. ఇంకేం సందేహం మీకు?”

తమ వెంట వచ్చి బయట మెట్ల మీద కూర్చున్న ఆ తల్లిని పరిశోధకుడు పన్నెండు అంకె గురించి అడిగాడు.

“ముక్కలు కోసిస్తే ఎన్ని ముక్కలో అడుగున రాస్తారు. మామూలుగా కొయ్యరు. ఎవరైనా అడిగితే కౌంటరాయన ఇంతెత్తున లేస్తాడు,” అంది ఆమె.

సమాధుల తోట ఎత్తైన గోడల మధ్య నాలుగెకరాలు ఉంటుంది. గేటు బయట పూల బండి. లోపల ఎడమ పక్క కమిటీ ఆఫీసు, కుడి పక్క రాళ్ళు చెక్కే పాక. మధ్య దారికి అటూ ఇటూ సమాధులు. బావమరిది వాటిని చూసుకుంటూ నడిచాడు. ఒక దాని మీద మూత తీసిన సోడా సీసా. ఇంకో దాని మీద చింపి పెట్టిన బిస్కెట్ల పొట్లం, చీమలు పట్టేశాయి. కాగితం ఒలిచిన చాక్లెట్లు ఒక చిన్నపిల్ల సమాధి మీద. ఒక పెద్దాయన రాయి మీద ఎవరో సిగరెట్టు వెలిగించి పెట్టి వెళ్ళారు, అది చివరిదాకా కాలి బూడిదై ఉంది.

“చచ్చినవాడి కళ్ళు చారెడన్నట్టు, బతికుండగా సిగరెట్టు మానమని పోరి ఉంటారు బావా,” అన్నాడు.

“పోరే ఉంటారు. బాగా చూడు వీటన్నిటినీ,” అన్నాడు పరిశోధకుడు. బావమరిది బాగానే చూశాడు, కానీ ఏం చూడాలో తెలియలేదు.

రాళ్ళు చెక్కే ఆయన ఉలి పక్కన పెట్టకుండానే మాట్లాడాడు. “చూశాను. మూడింటికి వచ్చాను, అప్పటికే ఉంది. దారంతో చక్కగా ముడేసి, కొత్త పెట్టె. నాలుగున్నరకి వెళ్తూ చూస్తే లేదు.”

“ముసలాయన మంచివాడేనా?”

“మంచివాడో చెడ్డవాడో, నోట్లో నాలుక లేనివాడు. సంతకం కూడా రాదు. అంకెలూ టిక్కులూ, అంతే.” ఆయన ఒక పాత రాతి మీద అక్షరాల్ని అరగదీస్తున్నాడు. “ఎత్తేసిన సమాధుల రాళ్ళు ఇవి. పాత పేరు చెరిపి కొత్త పేరు చెక్కమంటాడు కార్యదర్శి. నాకు నచ్చదు. పోయినేడు పడమటి మూల తొమ్మిది ఎత్తేశారు. ఒక రాయి కింద పూల రేకులు ఇంకా పచ్చిగానే అంటుకుని ఉన్నాయి. ఎవరూ రావట్లేదని ఎత్తేసిన సమాధి మీద పచ్చి రేకులెక్కడివి? అడిగితే నీ పని నువ్వు చూసుకో అన్నాడు. నేను మళ్ళీ నోరెత్తలేదు.”

“జనం సమాధుల మీద పూలెందుకు పెడతారంటారు?”

రాళ్ళాయన ఒక్క క్షణం ఉలి ఆపాడు. “సగం మంది దెబ్బలాడ్డానికొస్తారు సార్. చేతులూపుకుంటూ వస్తే బాగుండదని పూలు తెస్తారు.”

పూలమ్మే ఆవిడ నలభై ఏళ్ళ మనిషి. ముసలాయన పేరెత్తగానే ముఖం తిప్పేసుకుని బంతుల మీద నీళ్ళు చిలకరించడం మొదలుపెట్టింది. ఆదివారం ఎవరెవరు లోపలికి వెళ్ళారో తనకి గుర్తు లేదంది. సాయంత్రం ముసలాయన మిగిలిన పూలు అడిగేవాడా అంటే, ఒకోసారి, అంది. ఎందుకో తెలియదంది. ఇంత చెప్పేలోపు ఆఫీసు కిటికీ వైపు మూడుసార్లు చూసింది.

“బండి పెట్టుకోవడానికి అనుమతి ఎవరివ్వాలమ్మా?” అన్నాడు పరిశోధకుడు మెల్లగా.

“కార్యదర్శి గారు.”

“పూలెందుకు పెడతారంటావు?”

“ఏదో ఒకటి చెయ్యాలి కదండీ. ఇన్నాళ్ళూ చేసిన చేతులు ఒక్కసారిగా ఊరుకుంటాయా?” అని కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

కమిటీ కార్యదర్శి గదిలో ఫ్యాను తిరుగుతోంది. ఇస్త్రీ చొక్కా, చేతికర్ర, మాటకి ముందో చిరునవ్వు. “మోకాలు నొప్పండీ. నెల రోజులుగా లోపలికి అడుగు పెట్టలేదు. ఈ గదీ, ఇల్లూ. ముసలాడు పోయాడంటే మనసు కలుక్కుమంది. ఆ తల్లి రాసిన ఉత్తరం కూడా పోలీసులకిచ్చేశాను. దాచడం నా పద్ధతి కాదు.”

“తూర్పు గోడ వరస ఎత్తేస్తున్నట్టు గేటు దగ్గర నోటీసు చూశాం.”

“రూలండీ. మూడేళ్ళు ఎవరూ ఏమీ పెట్టని సమాధిని ఎత్తేసి, ఎముకలు ఉమ్మడి గోతిలో వేసి, స్థలం కొత్తవాళ్ళకిస్తాం. బతికున్నవాళ్ళకే చోటు లేని రోజులు. కాపలావాడు వారం వారం చూసి, పువ్వైనా తిండైనా ఏదైనా ఉంటే పుస్తకంలో టిక్కు పెడతాడు. పూల పుస్తకం అంటాం. ఇదిగో.” పుస్తకం ముందుకు జరిపాడు. తూర్పు వరస పదకొండు సమాధులకీ మూడేళ్ళ గడులన్నీ ఖాళీ. మిగతా సమాధులకి నల్ల సిరా టిక్కులు బారులు తీరి ఉన్నాయి.

“టిక్కులు పెట్టింది ముసలాయనేనా?”

“ఇంకెవరండీ?”

“జనం పూలెందుకు పెడతారంటారు?”

కార్యదర్శి నవ్వాడు. “అలవాటు. పైగా పెట్టకపోతే స్థలం పోతుంది కదా!”

బావమరిదికి ఆ నవ్వు చూసి చెంప మీద కొట్టాలనిపించింది. ఇద్దరూ ముసలాయన గదికి వెళ్ళారు. నులక మంచం, స్టవ్వు, గోడకి ఒక గొడుగు. గదంతా వెతికినా ఒక్క పెన్ను కూడా లేదు. కిటికీలో నీలం పెన్సిలు ముక్కలు మాత్రం నాలుగు ఉన్నాయి.

తూర్పు గోడ దగ్గరికి జనం నడిచే దారి లేదు, ఒక్క మనిషి నడిచినంత సన్నటి బాట ఉంది. పోలీసులు కూడా వచ్చినట్టు లేరు. పదకొండు పాత సమాధులు, పేర్లు సగం చెరిగిపోయినవి. ప్రతి దాని ముందూ డబ్బాలో ఒకటో రెండో పూలు. ఒక దాంట్లో బంతి, ఒక దాంట్లో గులాబి, ఇంకోదాంట్లో వాడిన లిల్లీ. ప్రతి రాతి మీదా ఒక ఆకు, ఆకు మీద కేకు ముక్క. చుట్టూ చీమలు చచ్చి ఉన్నాయి. గోడవార మూడు పిచ్చుకలు, కాళ్ళు ముడుచుకుని.

బావమరిది వెనక్కి జరిగాడు. పరిశోధకుడు మాత్రం ఒక్కొక్కటీ లెక్కపెట్టుకుంటూ చివరిదాకా వెళ్ళాడు. తిరిగొచ్చేటప్పటికి ఆయన ముఖం ఎర్రగా కందిపోయి ఉంది. ఆరేళ్ళలో బావకి అంత కోపం రావడం బావమరిది చూడలేదు.

“కుర్రాడి సమాధి దగ్గర చచ్చిన పిచ్చుకలున్నాయా?”

“లేవు బావా. చీమలు కూడా బతికే ఉన్నాయి.”

“బేకరీకి పద. ఆ కౌంటరాయన్ని రేపు పొద్దున్నే ఇక్కడికి తీసుకొచ్చే పూచీ నీది. ఇన్‌స్పెక్టరుకి కూడా కబురు పెట్టు. రానంటే, వచ్చి నాది తప్పని చూపించమను, వస్తాడు.”

మర్నాడు పదకొండింటికి కుర్రాడి సమాధి చుట్టూ అందరూ చేరారు. తల్లి చేతులు కట్టుకుని నిలబడింది. రాళ్ళాయన, పూలావిడ ఒక పక్కన. ఇన్‌స్పెక్టరు, అతని వెనక ఇద్దరు పోలీసులు. కార్యదర్శి చేతికర్ర మీద బరువేసి, మోకాలు తడుముకుంటూ వచ్చాడు. బావమరిది చేతిలో ఒక బుట్ట.

“ముందు ఒక చిన్న పని,” అన్నాడు పరిశోధకుడు. “ఈ బుట్టలోంచి తలా ఒకటి తీసుకుని ఈ అబ్బాయి సమాధి మీద పెట్టండి. మీకు ఎలా పెట్టాలనిపిస్తే అలా.”

“ఇదేం నాటకం?” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

“రెండు నిమిషాల నాటకం. మీరూ తీసుకోండి.”

పూలావిడ కాగితం చుట్టిన బన్ను తీసుకుంది. కాగితం విప్పి, రెండుగా తుంచి పెట్టింది. రాళ్ళాయన సోడా సీసా మూతని పంటితో పీకి పెట్టాడు. ఇన్‌స్పెక్టరు చాక్లెట్టు తీసుకుని ఇటూ అటూ చూసి, సిగ్గుపడుతూ కాగితం ఒలిచాడు. “మా అమ్మకి ఇలాగే…” అని ఏదో గొణిగి ఊరుకున్నాడు.

కార్యదర్శి బిస్కెట్ల పొట్లం తీసుకున్నాడు. పొట్లం పొట్లంలాగే, అంచు కూడా చింపకుండా రాతి మీద పెట్టి, చేతులు దులుపుకున్నాడు.

తల్లి ఆ పొట్లం వంక చూసి, ఆయన వంక చూసింది.

“ఈ తోటలో తిండి పెట్టిన ప్రతి సమాధినీ నిన్న చూశాను,” అన్నాడు పరిశోధకుడు. “మూతలు తీసి ఉన్నాయి, పొట్లాలు చింపి ఉన్నాయి, సిగరెట్టు కూడా వెలిగించి ఉంది. ఎవరూ ఎవరికీ నేర్పలేదు. పోయినవాళ్ళు విప్పుకోలేరని పెట్టేవాళ్ళకి తెలుసు. మూత పెట్టి, దారం కట్టి ఇచ్చేది బతికున్నవాళ్ళకి. ఆదివారం మూడింటికి ఈ రాతి మీద ఉన్న పెట్టెకి దారం ముడేసి ఉంది. అది ఈ అబ్బాయికి తెచ్చింది కాదు. కాసేపట్లో వచ్చి తీసుకునే ముసలాయనకి తెచ్చింది. పిచ్చుకలూ చీమలూ ముందే తిని చస్తే గుట్టు బయటపడుతుందని మూత పెట్టాడు.”

“అలవాటు లేనివాళ్ళు బోలెడంతమంది ఉంటారు,” అన్నాడు కార్యదర్శి. చిరునవ్వు ఇంకా ఉంది కానీ మాటకి ముందు రాలేదు.

“గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటారేం? మీ పేరు నేనింకా ఎత్తలేదు. సరే, ఎత్తుతాను. తెచ్చినవాడికి ఈమె కేకు ముక్కలు చేసి పెడుతుందని తెలుసు, కాగితం విప్పి పెడుతుందని తెలియదు. కళ్ళతో చూసినవాడికి రెండూ తెలుస్తాయి. ఉత్తరం చదివినవాడికి ఒకటే తెలుస్తుంది. ఆ ఉత్తరంలో ముక్కల సంగతి ఉంది, విప్పడం సంగతి లేదు. అది అందుకున్నది మీరొక్కరే. ఉత్తరంలో ఉందని మీరు ముక్కలు కోయించారు. పన్నెండు. ఏమయ్యా, నువ్వు చెప్పు.”

బేకరీ కౌంటరాయన ముందుకొచ్చాడు. “ఈయనేనండీ. ఆదివారం పొద్దున వచ్చారు. కొయ్యమంటే నేను కుదరదన్నాను, గొంతు చించుకుని గొడవ పెట్టుకున్నారు. కర్ర కూడా ఎత్తారు. పన్నెండు ముక్కలు కోసి, పెట్టె అడుగున నేనే రాశాను. మా పెట్టెకి దారం ఉండదు, అది ఈయన కట్టుకున్నదే.”

“ఇంటికి చుట్టాలొచ్చారు!” అన్నాడు కార్యదర్శి. “కేకు కొనడం నేరమా? ఆ ముసలాడిని చంపితే నాకేమొస్తుంది?”

“అదే చెప్తున్నాను. మీరు నాకు చూపించిన పూల పుస్తకంలో టిక్కులు సిరావి. ముసలాయన దగ్గర పెన్నే లేదు, జేబులో నీలం పెన్సిలుంది. మీ పుస్తకం మీరు గదిలో కూర్చుని రాసుకున్నది. అసలుది వేరే ఉంది.” పరిశోధకుడు పూలావిడ వైపు తిరిగాడు. “అమ్మా, నిన్న మీరు భయపడ్డారు. తప్పు లేదు. ఇవాళ ఇన్‌స్పెక్టరు గారు ఇక్కడే ఉన్నారు. మీ బండి ఎవడూ కదపడు.”

ఆమె గొంతు వస్తూనే అరుపై వచ్చింది. “శనివారం నా చేతికిచ్చాడండీ! పుస్తకం ఇమ్మని కార్యదర్శి గారు అడుగుతున్నారు, ఇవ్వద్దు, సోమవారం కమిటీ మీటింగులో అందరి ముందూ నేనే చూపిస్తాను అన్నాడు. ఆదివారం ఒంటిగంటకి ఈయన సంచీ పట్టుకుని లోపలికెళ్ళడం చూశాను. కుంటలేదు, గబగబా నడిచాడు! చెప్పుంటే బాగుండేది. చెప్పలేదు. నేనూ చెడ్డదాన్నే.” బండి దగ్గరికి పరుగెత్తి, తడి గోనెల కింద నుంచి నూనెగుడ్డలో చుట్టిన పుస్తకం తెచ్చింది.

నీలం టిక్కులు. పడమటి మూలలో పోయినేడు ఎత్తేసిన తొమ్మిది సమాధులకీ ఎత్తేసే వారం దాకా టిక్కులున్నాయి. తూర్పు వరస పదకొండింటికీ మూడేళ్ళుగా ఒక్క వారం తప్పకుండా ఉన్నాయి.

ఇన్‌స్పెక్టరు పేజీలు తిప్పాడు. “ఈ పదకొండింటికి ఎవరొస్తున్నారు మరి?”

“ఎవరూ రారు,” అన్నాడు పరిశోధకుడు. “ముసలాయనే పెట్టేవాడు. నిండుగా పూలున్న సమాధుల మీద నుంచి ఒక్కొక్క పువ్వు, మిగిలిపోయిన తిండిలోంచి ఒక్కొక్క ముక్క తీసుకెళ్ళి ఎవరూ లేనివాళ్ళకి పెట్టేవాడు, వాళ్ళని గోతిలో పారెయ్యకుండా. ఏదైనా ఉంటే టిక్కు పెట్టాలి, అదీ రూలు. ఎవరు పెట్టాలో రూల్లో రాసి లేదు. ఆదివారం పెట్టె విప్పి, పన్నెండు ముక్కల్లో పదకొండు ఆ పదకొండుమందికీ ఆకుల్లో పెట్టాడు. ఇప్పటికీ అక్కడే ఉన్నాయి, పిచ్చుకలు చచ్చి ఉన్నాయి, వెళ్ళి చూడండి. మిగిలిన ఒక్క ముక్క తను తిన్నాడు.” ఆయన తల్లి వైపు తిరిగాడు. “మీ అబ్బాయి కేకు అతను తినడానికి తీసుకెళ్ళలేదమ్మా.”

ఆమె కట్టుకున్న చేతులు విడిపోయాయి.

“కంచే చేను మేసిందండీ ఇక్కడ,” అన్నాడు రాళ్ళాయన. “తూర్పు వరస మొత్తం ఒక పెద్దింటివాళ్ళకి మాటిచ్చేశాడీయన. వాళ్ళ తాతకి పాలరాతి గది కడతారట. నాకు కొలతలు కూడా ఇచ్చాడు.”

కార్యదర్శికి ఇక నవ్వక్కర్లేకపోయింది. కర్ర నేలకేసి కొట్టాడు. “ఇచ్చాను! ఇస్తే ఏం? మూడేళ్ళలో వాళ్ళ కోసం ఒక్కడొచ్చాడా? ఒక్కడు? చచ్చినవాళ్ళకేం తెలుస్తుంది, ఎవడు పువ్వు పెట్టాడో, ఎవడు పెట్టలేదో? రాళ్ళకీ ఎముకలకీ కాపలా కాస్తూ ఆ ముసలాడు నన్ను మీటింగులో నిలబెడతాడా? సంతకం రానివాడు!”

“వాడికి తెలియదని నాకు తెలుసు,” అంది తల్లి. ఆమె గొంతు పెద్దది కాలేదు, కానీ ఇన్‌స్పెక్టరు కూడా ఒక అడుగు వెనక్కి వేశాడు. “రెండేళ్ళుగా నా కొడుక్కి కేకు పెడుతున్నాను. ఒక్క ముక్క తిన్నాడా? నాకు తెలియదనుకున్నావా? వాడు తినడని తెలిసే పెడతాను. తిట్టినా వినడని తెలిసే తిడతాను. నేను ఇంకెక్కడ పెట్టుకోవాలి ఇదంతా? నువ్వు నా కొడుకు రాతి మీద విషం పెట్టావు. వాడి చేత్తో ఒక మనిషిని చంపించావు. ఇంకెప్పుడైనా ఇక్కడికొచ్చి వాడికి ముద్ద పెడితే నాకు నువ్వే గుర్తొస్తావు కదరా.”

పోలీసులు కార్యదర్శి రెండు రెక్కలూ పట్టుకున్నారు. మోకాలు నొప్పి సంగతి ఆయనే మరిచిపోయి చకచకా నడిచాడు.

ఇన్‌స్పెక్టరు తల్లి దగ్గరికి వచ్చాడు. “ఇక మీరు ఇంటికెళ్ళిపోవచ్చమ్మా. పొరపాటు జరిగింది. మీ పేరు తీసేస్తాను.”

“ఆ ముసలాయన ఎక్కడున్నాడు?” అంది ఆమె.

“ఆస్పత్రి మార్చురీలో. ఎవరూ రాలేదు. రేపటిదాకా చూసి, ఉమ్మడి గోతికి పంపిస్తారు.”

ఆమె గేటు వైపు నడిచింది. పరిశోధకుడు వెనకే వెళ్ళాడు, బావమరిది ఆటో పిలిచాడు.

మార్చురీ కిటికీ వెనక గుమాస్తా ఫారం ముందేసుకుని కూర్చున్నాడు. తలెత్తకుండానే అడిగాడు. “శవాన్ని ఎవరు తీసుకుంటున్నారు?”

“నేను.”

“చనిపోయినాయనకి మీరేమవుతారు?”

“ఏమీ కాను.”

“అలా కుదరదమ్మా. కూతురో, చెల్లెలో, ఏదో ఒకటి ఉండాలి. ఈ గడి ఖాళీగా వదిలితే శవాన్ని ఇవ్వరు.”

బావమరిది చటుక్కున ముందుకొచ్చి చెల్లెలని రాసెయ్యమనబోయాడు. పరిశోధకుడు అతని భుజం మీద చెయ్యి వేసి ఆపాడు. ఆమె కిటికీలోంచి చెయ్యి చాపి గుమాస్తా చేతిలోని పెన్ను లాక్కుంది. ఫారం తన వైపు తిప్పుకుని, సంబంధం అని ఉన్నచోట, కాగితం చిరిగిపోతుందేమోనన్నంత గట్టిగా నొక్కి రాసింది.

గుమాస్తా ఫారం తిప్పి చదివాడు. ‘అతన్ని తిట్టినదాన్ని’ అని ఉంది.